ఇంజన్ మార్చిన పాత స్పోర్ట్స్ కార్లు ఎంత పలుకుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత స్పోర్ట్స్ కారు కొందామని వెతకడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట "ఇంజన్ స్వాప్ చేసిన కారు" అన్న మాట తగులుతుంది. కంపెనీ వేసిన ఇంజన్ దించేసి ఇంకొకటి ఎక్కించారన్నమాట. ఆ ఒక్క మార్పుతో కొన్ని కార్ల ధర పడిపోతుంది, కొన్నిటికి పెద్దగా తేడా రాదు, అరుదుగా పెరుగుతుంది కూడా. ఎందుకలా అన్నదే ఈ ప్రశ్నలన్నిటి సారాంశం. ఇక్కడ చెప్పేవి ఎక్కువగా అమెరికా, బ్రిటన్ మార్కెట్ల సంగతులు. మన దగ్గరి రూల్స్ చివర్లో ఉన్నాయి.

ఇంజన్ మార్చిన కారు ఎప్పుడూ ఒరిజినల్ కంటే తక్కువకే పోతుందా?

చాలావరకు అంతే. కాకపోతే ఇక్కడ రెండు రకాల కొనుగోలుదారులు ఉన్నారన్న సంగతి ముందు గుర్తుపెట్టుకోవాలి. ఒకరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారును వచ్చినట్టే దాచుకునేవాళ్లు. ఇంకొకరు రోడ్డు మీద నడుపుకుని ఆనందించేవాళ్లు. మొదటి రకంవాళ్ల దగ్గర డబ్బు ఎక్కువ, ఓపిక ఎక్కువ, పట్టింపులూ ఎక్కువే. రికార్డు ధరలు వాళ్లవల్లే వస్తాయి.

డాట్సన్ 240జెడ్ సంగతే తీసుకోండి. ఎన్నో ఏళ్లపాటు అది చవకైన స్పోర్ట్స్ కారు. 2020 జనవరిలో 1971 నాటి 240జెడ్ ఒకటి బ్రింగ్ ఎ ట్రైలర్ అనే ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. ఆ కారులో ఉన్నది 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, అప్పటి లెక్కల్లో 151 హార్స్‌పవర్. ఈరోజు మామూలు ఫ్యామిలీ సెడాన్ కూడా దాన్ని దాటిపోతుంది. కొన్నవాళ్లు స్పీడు చూసి అంత పెట్టలేదు. ఎవరూ చెయ్యి పెట్టకుండా, పెద్దగా తిరగకుండా మిగిలిన కారు కాబట్టి పెట్టారు. అలాంటి కారులో ఇంజన్ దించారంటే ఆ ధర ఇక దానికి రాదు.

అదే 240జెడ్ ఫ్లోర్ తుప్పు పట్టి, అసలు ఇంజన్ ఎప్పుడో పోయి, మూడు చేతులు మారి వచ్చిందనుకోండి. దానికి ఒరిజినల్ ధర ఎలాగూ రాదు. అందులో మంచి ఇంజన్ పద్ధతిగా ఎక్కిస్తే విలువ పెరుగుతుంది. మీ చేతిలో ఉన్నది ఈ రెండిట్లో ఏ కారు అన్నదే మొదటి ప్రశ్న.

"మ్యాచింగ్ నంబర్స్" అని అంతగా పట్టుకుని కూర్చుంటారెందుకు? దాన్ని ఎలా చూడాలి?

కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు అందులో ఉన్న ఇంజనే ఇప్పటికీ ఉందా అన్నదానికి రుజువు ఆ నంబర్లే. ఏ కంపెనీ వాటిని ఎక్కడ కొట్టిందో తెలిస్తే సగం పని అయినట్టే.

240జెడ్‌లో ఇంజన్ బేలో చిన్న రేకు ప్లేటు ఉంటుంది. దాని మీద చాసిస్ నంబర్‌తో పాటు ఇంజన్ నంబర్ కూడా ఉంటుంది. బ్లాక్ (ఇంజన్ ప్రధాన భాగం) మీద కొట్టిన నంబర్‌తో అది కలవాలి. జాగ్వార్ ఈ-టైప్‌లో బ్లాక్ మీదా, సిలిండర్ హెడ్ మీదా నంబర్ ఉంటుంది. రికార్డుల ప్రకారం అసలు నంబర్లు ఏమిటో చూపించే సర్టిఫికెట్ జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ దగ్గర దొరుకుతుంది. చాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు అందులో విడివిడిగా ఉంటాయి. కొనేముందు ఆ కాగితం అడగకపోవడం పెద్ద పొరపాటు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది 1960ల షెవ్రొలే కార్వెట్. కుడి వైపు సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాక్ మీద నున్నటి చిన్న చదును జాగా ఉంటుంది. ఇంజన్ ఏ ప్లాంట్‌లో ఏ నెల ఏ తేదీన తయారైంది, ఏ రకం అనే కోడ్ అక్కడే కొడతారు. కారు చాసిస్ నంబర్ చివరి అంకెలు కూడా అక్కడే ఉంటాయి. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని మెషిన్ మీద చదును చేసినప్పుడు ఆ జాగా అంతటా సన్నటి సమాంతర గీతలు పడతాయి. టార్చిలైటు పక్కనుంచి వాల్చి పట్టి చూడండి. గీతలు ఉండి, వాటి మీద నంబర్లు ఉంటే మంచిది. జాగా అద్దంలా నున్నగా ఉన్నా, గరుకు కాగితంతో రుద్దినట్టు అడ్డదిడ్డంగా గీతలున్నా ఎవరో పాత నంబర్ చెరిపి కొత్తది కొట్టారేమోనని అనుమానించాలి. ఇంజన్‌ని బోర్ చేయించినప్పుడు బ్లాక్ పైభాగం మళ్లీ చదును చేసినా ఆ గీతలు పోతాయి. కాబట్టి గీతలు లేనంత మాత్రాన మోసమని తేల్చేయకూడదు. పోత పోసిన తేదీ కూడా చూడండి. బ్లాక్ పోసిన తేదీ కారు తయారైన తేదీ తర్వాతది అయితే ఇంక మాట్లాడేదేమీ లేదు, ఆ ఇంజన్ ఆ కారుది కాదు.

నంబర్ మళ్లీ కొట్టిన కారు కంటే, "ఇది వేరే ఇంజన్" అని పైకి చెప్పి అమ్మే కారు నా దృష్టిలో ఎంతో మేలు. రెండోదానికి తగ్గింపు ధర ఉంటుంది, టెన్షన్ ఉండదు.

ఏ కార్లకి ఇంజన్ మార్పు ఎక్కువ దెబ్బ కొడుతుంది?

ఇంజన్ కోసమే పుట్టిన కార్లకి. 1967 కార్వెట్ ఎల్88 అంటే ఆ ఏడాది తయారైనవి 20 మాత్రమే. ఆ 427 క్యూబిక్ ఇంచుల రేసింగ్ ఇంజన్ ఉంది కాబట్టే అది ఎల్88. 2014 జనవరిలో స్కాట్స్‌డేల్ వేలంలో ఒకటి 38.5 లక్షల డాలర్లకి పోయింది. ఆ ఇంజన్ తీసేస్తే మిగిలేది మామూలు 1967 కార్వెట్ బాడీయే. 1973 నాటి పోర్షే 911 కరేరా ఆర్ఎస్ 2.7 కూడా అంతే, మొత్తం 1,580 కార్లు. తక్కువ సంఖ్యలో, ప్రత్యేకమైన ఇంజన్‌తో వచ్చిన ఏ కారులోనైనా ఇంజన్ పోతే ధర గట్టిగానే పడుతుంది.

మామూలు ఇంజన్‌తో లక్షల్లో తయారైన కార్లకి ఈ దెబ్బ తక్కువ.

మరి ఇంజన్ మార్చినా విలువ నిలబెట్టుకునే కార్లేవి?

కంపెనీ తనే వేసి ఉండేది అనిపించే ఇంజన్ పడితే మార్కెట్ క్షమిస్తుంది. దీనికి ఎమ్‌జీబీని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా వచ్చింది. లోపల ఉన్నది 1.8 లీటర్ల ఇనుప నాలుగు సిలిండర్ల ఇంజన్. 1970ల మొదట్లో కెన్ కాస్టెల్లో అనే ఇంగ్లండ్ ఇంజనీరు అందులో బ్రిటిష్ కంపెనీ రోవర్ 3.5 లీటర్ల అల్యూమినియం వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) వేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ వీ8 మొదట అమెరికాలో బ్యూయిక్ తయారుచేసింది, రోవర్ హక్కులు కొనుక్కుంది. బ్లాక్ అల్యూమినియం కాబట్టి దాని బరువు ఆ పాత ఇనుప ఇంజన్‌కి దగ్గరగానే ఉంటుంది. అందుకే ముందు చక్రాల మీద భారం పెరగదు, స్టీరింగ్ చెడదు. కాసేపటికే కంపెనీకీ ఆ దారే నచ్చింది. 1973 నుంచి 1976 దాకా ఎమ్‌జీబీ జీటీ వీ8 పేరుతో 2,591 కార్లు తనే తయారుచేసింది. అయితే అది మూసిన టాప్ ఉన్న కూపే మాత్రమే, ఓపెన్ టాప్ కారులో వీ8 ఇవ్వలేదు. ఎమ్‌జీ పేరుతో ఓపెన్ టాప్ వీ8 కావాలంటే 1990ల్లో ఆర్‌వీ8 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే ఓపెన్ టాప్ ఎమ్‌జీబీలో రోవర్ వీ8 చక్కగా ఎక్కించి ఉంటే ఎమ్‌జీ అభిమానులు కూడా ముఖం చిట్లించరు. కాస్టెల్లో స్వయంగా మార్చిన కార్లకి, కాగితాలు ఉంటే, విడిగా గిరాకీ ఉంది. ఆ రోజుల్లోనే, పేరున్న మనిషి చేతిలో జరిగిన మార్పు చరిత్రలో భాగమైపోతుంది.

పోర్షే 911 కూడా ఈ కోవలోకే వస్తుంది. 1980ల 911 ఎస్‌సీలో తర్వాతి తరం 964 లేదా 993 నుంచి తీసిన 3.6 లీటర్ల ఇంజన్ వేస్తే, అది అదే వంశం. గాలితో చల్లబడేదే, ఆరు సిలిండర్లదే, వెనక అదే చోట కూర్చునేదే. అదే 911లో అమెరికన్ వీ8 వేస్తే ముందు రేడియేటర్ పెట్టాలి, పైపులు లాగాలి. పని ఎంత బాగున్నా పోర్షే మనుషుల్లో కొనేవాళ్లు తగ్గిపోతారు.

సన్‌బీమ్ టైగర్, కోబ్రా కూడా ఇంజన్ మార్చినవే కదా? వాటికి అంత ధర ఎందుకు?

అక్కడ మార్చింది ఫ్యాక్టరీయే కాబట్టి. బ్రిటిష్ ఏసీ ఏస్‌లో ఫోర్డ్ వీ8 పెట్టి అమెరికన్ రేసర్ క్యారోల్ షెల్బీ 1962లో కోబ్రా తెచ్చాడు. మొట్టమొదటి కోబ్రా 2016 ఆగస్టులో మాంటెరీ వేలంలో 1.375 కోట్ల డాలర్లకి అమ్ముడైంది. సన్‌బీమ్ ఆల్పైన్‌లో ఫోర్డ్ వీ8 పెడితే 1964లో టైగర్ వచ్చింది. అందులోనూ షెల్బీ చెయ్యి ఉంది. 1967 దాకా సుమారు 7,000 తయారయ్యాయి.

ఇక్కడే మోసాలు మొదలవుతాయి. చవకైన ఆల్పైన్ కొని, ఫోర్డ్ వీ8 ఎక్కించి, టైగర్ బ్యాడ్జీలు అంటించి అమ్మినవాళ్లున్నారు. ఇలాంటి కార్లని అభిమానులు "ఆల్జర్" అంటారు. ఇవి ఎక్కువైపోవడంతో అమెరికాలో టైగర్ ఓనర్ల సంఘం బాడీ షెల్‌ని పరీక్షించి, ఇది అసలు టైగరే అని ధ్రువీకరించే పద్ధతి పెట్టింది. ఇంజన్ మార్చొచ్చు, బ్యాడ్జీ మార్చొచ్చు, ఫ్యాక్టరీలో షెల్‌కి చేసిన కోతలు, అతుకులు అంత తేలిగ్గా అనుకరించలేరు. టైగర్ కొంటుంటే ఆ ధ్రువీకరణ ఉందా అని మొదటే అడగండి.

పోర్షే 914లోనూ ఇదే కథ. నాలుగు సిలిండర్ల 914లు లక్షకు పైగా వచ్చాయి. ఆరు సిలిండర్ల 914/6 సుమారు 3,300 మాత్రమే. మామూలు 914లో 911 ఇంజన్ వేసినవి బోలెడన్ని తిరుగుతున్నాయి. చాసిస్ నంబర్ చూస్తే తెలిసిపోతుంది: అసలు 914/6 నంబర్ 914తో, నాలుగు సిలిండర్లది 47తో మొదలవుతుంది. మార్చిన కారు చెడ్డదేం కాదు, నడపడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. 914/6 ధర మాత్రం ఇవ్వకండి.

240జెడ్‌లో ఏ ఇంజన్ ఉంటే ధర బాగా వస్తుంది?

తర్వాత వచ్చిన 280జెడ్ నుంచి తీసిన ఎల్28 ఇంజన్ అయితే చాలామంది దాన్ని మార్పు కింద కూడా లెక్కపెట్టరు. బ్లాక్ కుటుంబం ఒకటే, బానెట్ ఎత్తితే చూపులకీ ఒకేలా ఉంటుంది. మళ్లీ అసలు ఎల్24 ఇంజన్ వేసుకోవడం కూడా తేలికే. విలువపరంగా అన్నిటికంటే తక్కువ రిస్క్ ఉన్నది ఇదే.

ఆర్‌బీ26 సంగతి వేరు. అది నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఇంజన్, 2.6 లీటర్లు, రెండు టర్బోలు. డాట్సన్ కూడా నిస్సాన్ బ్రాండే కాబట్టి అదే కంపెనీ, అదే ఆరు సిలిండర్ల వరస. జపాన్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఇదే కల. ఆ జీటీ-ఆర్ కార్ల ధరలే కొండెక్కి కూర్చున్నాయి కాబట్టి ఇంజన్ కూడా చవక కాదు. దీనికి కొనేవాళ్లు తక్కువమందే. ఆ కొద్దిమందీ గట్టిగా పెడతారు.

షెవ్రొలే ఎల్ఎస్ వీ8 అయితే తేలిగ్గా దొరుకుతుంది, పార్టులు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. 1997 కార్వెట్‌లో వచ్చిన ఎల్ఎస్1 ఒక్కటే 345 హార్స్‌పవర్, అంటే 240జెడ్ పాత ఇంజన్‌కి రెట్టింపు పైనే. నడపడానికి అద్భుతం. అమ్మేటప్పుడు మాత్రం ఇలాంటి కార్లు మార్కెట్లో చాలా ఉంటాయి, వాటిలో సగం పని చేసి వదిలేసినవీ ఎక్కువే. కొనేవాళ్లు అనుమానంతోనే వస్తారు. ఆ అనుమానం తీర్చగలిగితేనే ధర.

అనుమానం తీరేది కారు కిందికి దూరి చూసినప్పుడు. ఇంజన్ మౌంట్లు కిట్‌తో వచ్చినవా, దొరికిన ఇనుప ముక్క వెల్డింగ్ చేసినవా? గేర్‌బాక్స్ పట్టడానికి ఫ్లోర్ కోశారా, కోసినచోట ఏం చేశారు? డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్త టార్క్‌కి తగ్గట్టు మార్చారా? బ్రేకులు 1970వేనా? వైరింగ్ ఒక వరసలో, గుర్తులతో ఉందా, లేక రంగురంగుల టేపు చుట్టి ఉందా? ట్రాఫిక్‌లో అరగంట నడిపితే టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తుంది? ఈ చివరిదాన్ని కొనేముందు తప్పకుండా చూడండి. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర మరిగిపోయే స్వాప్ కార్లు చాలా ఉన్నాయి. స్పీడోమీటర్, పెట్రోల్ గేజ్, హీటర్ లాంటివి పనిచేస్తున్నాయంటే, చేసినవాళ్లు చివరిదాకా ఓపిగ్గా చేశారని అర్థం.

పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందా?

రాదు. ఈ లెక్కతో మొదలుపెట్టేవాళ్లని నేనైతే ఆపుతాను.

ఉదాహరణకి ఒకాయన 25,000 డాలర్లకి కారు కొని, ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, వైరింగ్, లేబర్ కలిపి ఇంకో 30,000 పెట్టాడనుకోండి. చేతిలో ఉన్నది 55,000 డాలర్ల కారు అని ఆయన నమ్మకం. కొనేవాడు ఆ బిల్లులు చూడడు. ఇలాంటి కార్లు ఈమధ్య ఎంతకి పోయాయో చూస్తాడు. అది 40,000 అయితే 40,000 దగ్గరే బేరం తెగుతుంది. పని సగంలో ఆపేసి "ప్రాజెక్ట్ కారు" అని అమ్మితే అడ్డికి పావుశేరే.

కొనేవాళ్లకి మాత్రం ఇది అనుకూలం. ఇలాంటి కారే కావాలనుకుంటే ఇంకొకరు పూర్తిచేసి, కాస్త తిప్పి, చిన్నచిన్న లోపాలు సరిచేసిన కారు కొనడం మంచిది.

దించిన పాత ఇంజన్ అమ్మేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. దాని మీద ఉన్న నంబర్ మీ కారుది. వేరే కారులో పెడితే అది వట్టి ఇంజన్, మీ కారు పక్కన ఉంటే అది విలువ. నూనె పూసి, సిలిండర్లలోకి తేమ పోకుండా మూతలు బిగించి, గేర్‌బాక్స్, కార్బురేటర్లు, పాత బ్రాకెట్లు, బోల్టులతో సహా ఒకచోట పెట్టండి. "ఒరిజినల్ ఇంజన్ కారుతో పాటు ఇస్తాం" అన్న ఒక్క మాట కారు ప్రకటనలో ఉంటే కొనేవాళ్ల వరస పెరుగుతుంది. బాడీ కోయకుండా, వెనక్కి మార్చుకునేలా చేసిన స్వాప్‌కి అయితే ఈ మాట ఇంకా బలంగా పనిచేస్తుంది.

సరైన ధర ఎలా తెలుసుకోవాలి?

అడుగుతున్న ధరలు వదిలేయండి, అమ్ముడైన ధరలు చూడండి. ప్రైస్ గైడ్‌లు ఎక్కువగా ఒరిజినల్ కార్లకి రాసినవి, స్వాప్ కారుకి సూటిగా పనికిరావు. ఆన్‌లైన్ వేలాల్లో అదే మోడల్, అదే ఇంజన్ ఉన్నవి ఏరి చూడండి. రిజర్వ్ (అమ్మేవాళ్లు పెట్టుకున్న కనీస ధర) దాటక ఆగిపోయినవాటి చివరి పాట కూడా రాసుకోండి. ఆ రోజు మార్కెట్ అంతకంటే ఎక్కువ ఇవ్వనందన్నమాట. వేలం కింద జనం అడిగిన ప్రశ్నలు చదివితే, కొనేవాళ్లకి ఏది భయమో తెలుస్తుంది.

సింగర్ పోర్షేలు పది లక్షల డాలర్లు దాటుతున్నాయి కదా?

దాటుతున్నాయి. 2009లో కాలిఫోర్నియాలో మొదలైన సింగర్ 964 తరం 911ని విప్పి, కార్బన్ ఫైబర్ బాడీ, కొత్తగా కట్టిన ఇంజన్‌తో మళ్లీ నిర్మిస్తుంది. జనం అక్కడ కొనేది ఆ సంస్థ పేరునీ, పనితనాన్నీ. ఆ ధర చూసి మన గ్యారేజీలోని 911కి లెక్క వేసుకోకూడదు.

ఎలక్ట్రిక్ మోటార్ పెడితే?

జాగ్వార్ స్వయంగా 2017లో ఈ-టైప్ జీరో చూపించింది. 2018 మేలో బ్రిటిష్ రాకుమారుడు హ్యారీ పెళ్లిలో అది ప్రపంచం కంట పడింది. ఆస్టన్ మార్టిన్ కూడా 2018లో, తర్వాత తీసేసి పాత ఇంజన్ పెట్టుకునేలా ఒక పద్ధతి ప్రకటించింది. అంత పెద్ద కంపెనీలే వెనక్కి మార్చుకునే వీలు గురించి గట్టిగా చెప్పాయంటే కొనేవాళ్ల మనసు వాటికి తెలుసన్నమాట. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా అయితే, ఈరోజుల్లో ఎలక్ట్రిక్‌కి మార్చిన పాత కారును చారిత్రక వాహనంగా ఒప్పుకోదు. బ్యాటరీలు త్వరగా పాతబడతాయి. ఇంకో పదేళ్లకి ఆ మార్పు ఒక సొత్తు అవుతుందో, భారం అవుతుందో నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది.

చట్టాల వల్ల ధర మారుతుందా?

బాగా. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడల్ పెట్రోల్ కార్లకి పొగ పరీక్ష లేదు. 1976 నుంచి ఉంది. తర్వాతి కారులో ఇంజన్ మారిస్తే ఆ ఇంజన్ కారు మోడల్ సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో అయ్యుండాలి. దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ కూడా రావాలి. రిఫరీ అనే ప్రభుత్వ తనిఖీదారు చూసి ఒప్పుకోవాలి. అందుకే స్వాప్ చేసిన 1975 డాట్సన్ 280జెడ్, 1976 280జెడ్ పక్కపక్కన నిలబడితే ఒకేలా ఉన్నా, అక్కడ మొదటిదానికే గిరాకీ.

బ్రిటన్‌లో బాగా మార్చిన కార్లకి 2025 ఆగస్టు దాకా పాయింట్ల లెక్క ఉండేది. అసలు చాసిస్ లేదా చాసిస్, బాడీ ఒకటిగా ఉండే మోనోకాక్‌కి 5, సస్పెన్షన్, యాక్సిల్స్, గేర్‌బాక్స్, స్టీరింగ్‌లకి తలా 2, ఇంజన్‌కి 1. పాత రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలంటే 8 కావాల్సి వచ్చేది. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ మార్చినా ఇంకా 11 మిగిలేవి. చాసిస్ కోశారంటే మాత్రం నంబర్‌కే ముప్పు ఉండేది. 40 ఏళ్లు దాటిన కార్లకి వార్షిక పరీక్ష నుంచి మినహాయింపు ఉంది, గత 30 ఏళ్లలో పెద్ద మార్పు జరిగి ఉంటే అది పోతుంది. ఆ మోడల్‌కి కంపెనీయే ఇచ్చిన వేరే ఇంజన్ అయితే పెద్ద మార్పు కింద రాదు. జర్మనీలో 30 ఏళ్లు దాటిన కారుకి హెచ్ ప్లేటు (చారిత్రక కార్లకి ఇచ్చే నంబర్ ప్లేటు) కావాలంటే, మార్పు ఆ కాలానికి తగ్గదై ఉండాలి.

ఇన్సూరెన్స్ ఎలా?

ముందే ఒప్పుకున్న విలువకి పాలసీ తీసుకోండి. మార్పు సంగతి దాచకండి. ఫొటోలు, బిల్లులు, మదింపు రిపోర్టు ఇవ్వండి.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఇలాంటి బండి ఉంటే?

ఒకప్పుడు మన దగ్గర పెట్రోల్ అంబాసిడర్‌లలో డీజిల్ ఇంజన్ ఎక్కించుకోవడం మామూలు సంగతి. ఖర్చు కలిసొస్తుందని చేయించారు. అలాంటి బళ్లు ఇప్పుడు పాతకార్ల సరదా ఉన్నవాళ్ల చేతికి వస్తున్నాయి. ఇక్కడ ముందు చూడాల్సింది ఆర్సీ. అందులో రాసిన ఇంజన్ నంబర్, ఇంధనం రకం బండిలో ఉన్నదానితో కలవాలి. ఇంజన్ మారిస్తే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. అది లేని బండికి ఎంత అందం ఉన్నా ధర పెట్టొద్దు.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బళ్లకి "వీఏ" అక్షరాలతో నంబర్ ఇస్తారు. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని నిబంధనలోనే ఉంది. అంటే ఇంజన్ మార్చిన బండికి ఆ నంబర్ రావడం కష్టం. మీ దగ్గర 50 ఏళ్లకి దగ్గరపడుతున్న బండి ఉండి, అసలు ఇంజన్ షెడ్డులో మూలన పడి ఉంటే, దాన్ని పాత ఇనుముకి వేయకముందే మంచి మెకానిక్‌కి చూపించండి.